బూటు ఎందుకు కరుస్తుంది?

బూటుకు పళ్లు లేవు. అయినా "కొత్త బూటు కరిచింది" అంటాం. మడమ మీదో, చిటికెన వేలి పక్కనో బొబ్బ లేస్తుంది. రెండు రోజులు కుంటుతాం. "కొత్తదానికి అంతే, నాలుగు రోజులు తొడిగితే అదే సర్దుకొంటుంది" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. మెత్తని తోలు చెప్పుల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. ఆముదం రాసి నాలుగు రోజులు నడిస్తే తోలు సాగుతుంది, పాదం ఆకారానికి వస్తుంది.

కాని ఎన్నాళ్లు తొడిగినా సర్దుకోని బూట్లు కొన్ని ఉన్నాయి. గనిలో పనిచేసేవారి ఉక్కుముక్కు బూటు అలాంటిది. మంచుకొండలు ఎక్కేవారి బూటు అలాంటిది. మంచు మీద జారుతూ పోయేవారు వేసుకొనే స్కీ బూటు అన్నిటికంటె మొండిది. గట్టి పెంకులాంటి ఆ బూట్లు పాదం కోసం మారవు. పాదమే లొంగాలి, లేదా దెబ్బతినాలి. అందుకే వాటిని ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఏర్పడింది. ఆ పద్ధతి తెలిస్తే మీ బడిబూట్లు కొనుక్కోవడం కూడా తెలుస్తుంది. అదేమిటో చూద్దాం.

కరవడం అంటే ఏమిటి?

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మీ ఎడమ చేతి వెనక భాగం మీద కుడి చూపుడు వేలిని గట్టిగా అదిమి, అటూ ఇటూ కదపండి. వేలు చర్మం మీద జారదు. చర్మమే వేలితోపాటు కదులుతుంది. లోపలి ఎముక మాత్రం కదలకుండా ఉంటుంది. అంటే పైచర్మం ఒకవైపు, ఎముక మరోవైపు. మధ్యనున్న పొరలు సాగి లాగబడుతున్నాయి.

బూటులో జరిగేది సరిగ్గా ఇదే. మడమ చర్మం ఘర్షణ వల్ల బూటును అంటిపెట్టుకొని ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా లోపలి మడమ ఎముక పైకీ కిందికీ కదులుతుంది. ఒక కిలోమీటరు నడిస్తే వెయ్యికి పైగా అడుగులు పడతాయి. అన్నిసార్లు లాగబడిన చర్మపు పొరలు చివరకు ఒకదానినుంచి ఒకటి విడిపోతాయి. ఆ ఖాళీలోకి ద్రవం చేరుతుంది. అదే బొబ్బ.

దీనినిబట్టి ఒక సంగతి తేలుతుంది. బిగుతు బూటే కాదు, వదులు బూటు కూడా కరుస్తుంది. బిగుతు బూటు ఒకేచోట ఒత్తి బాధపెడుతుంది. వదులు బూటు పాదాన్ని లోపల అటూ ఇటూ జరగనిచ్చి బాధపెడుతుంది. "పెరిగే కాళ్లు, రెండేళ్లు రావాలి" అని రెండు సైజులు పెద్ద బూటు కొని, ముక్కులో గుడ్డపీలికలు కుక్కే అలవాటు మనలో చాలా ఇళ్లలో ఉంది. డబ్బు ఆదా అవుతుందన్నది నిజమే. అయితే ఆ వదులుకు లెక్క కట్టేది మడమ.

పాదం ఒక ముక్క కాదు

మన శరీరంలో 206 ఎముకలు ఉన్నాయి. వాటిలో 52 రెండు పాదాలలోనే ఉన్నాయి! ఒక్కొక్క పాదానికి 26 ఎముకలు, 33 కీళ్లు. ఎముకలను పట్టి ఉంచే కట్టుతాళ్లవంటి బంధనాలు నూటికి పైగా ఉంటాయి. తడి పాదంతో గచ్చుమీద అడుగు వేసి చూడండి. చాలామందికి ముందు భాగం, మడమ స్పష్టంగా పడతాయి. మధ్యలో లోపలివైపు కొంత భాగం పడదు. అక్కడ పాదం వంతెన కమానులాగా పైకి లేచి ఉంటుంది.

బరువు పడినప్పుడు ఈ కమాను కొద్దిగా చదునవుతుంది. అప్పుడు పాదం కొన్ని మిల్లీమీటర్లు పొడవవుతుంది, వెడల్పూ పెరుగుతుంది. బరువు తీసేస్తే మళ్లీ యథాస్థితికి వస్తుంది. కూర్చొని తీసిన కొలత నిలబడి తీసిన కొలతకంటె తక్కువ రావడానికి కారణం ఇదే. రోజంతా నిలబడి తిరిగితే సాయంత్రానికి పాదాలు కొంచెం వాస్తాయి కూడా. అందువల్ల బూటు కోసం పాదాన్ని సాయంత్రం పూట, నిలబడి కొలవాలి.

మీ వయసులో మరో విశేషం ఉంది. పాదంలోని ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. కొంత భాగం మృదులాస్థిగానే ఉంటుంది. ఇరుకు బూటు ఒత్తుతూ ఉంటే ఈ మెత్తని ఎముకలు పెద్దగా నొప్పి చెప్పకుండానే పక్కకు ఒరగవచ్చు. ఇప్పుడు నొప్పి లేదు కదా అని ఊరుకొంటే ఆ వంకర పెద్దయ్యాక బయటపడుతుంది.

ఎద్దు చెప్పిన పాఠం

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు గ్రామం పేరు విన్నారా? అక్కడి స్వయంభూ శంభులింగేశ్వరస్వామి ఆలయం ప్రసిద్ధమైనది. మహాశివరాత్రి జాతరలో ఎడ్ల పందేలు జరుగుతాయి. జాతరకు వెళ్లేవారు ఎద్దుల కొమ్ములు చూస్తారు, మూపురాలు చూస్తారు. మీరు వెళితే గిట్టలు చూడండి.

గుర్రం గిట్ట ఒకే ముక్క. అందుకే గుర్రానికి కొట్టే లాడం వంపు తిరిగిన ఒకే ఇనుపముక్క. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. రాతిబాట మీద, తారురోడ్డు మీద బండి లాగే ఎద్దుకు లాడం కొట్టేటప్పుడు ఒక్కొక్క కాలికి రెండు వేరువేరు రేకులు వేస్తారు. ఎందుకు? నేల మీద బరువు మోపినప్పుడు గిట్టలోని రెండు భాగాలూ కొంచెం ఎడంగా జరుగుతాయి. రెండిటినీ కలిపి ఒకే రేకు కొడితే ఆ కదలిక ఆగిపోతుంది, ఎద్దు కుంటుతుంది. లాడం కొట్టేవాడు ముందు గిట్టను చెక్కి చదును చేస్తాడు, రేకును ఆనించి చూస్తాడు, తరువాతనే మేకు దింపుతాడు. గట్టి వస్తువును తొడగాలంటే తొడిగే అంగం ఎలా ఉంది, ఎలా కదులుతుంది అన్నది ముందు తెలియాలి. ఇనుపరేకు సాగదు కదా!

ఉక్కుముక్కు బూటు

మేళ్లచెరువు చుట్టుపక్కల నేలలో సున్నపురాయి విస్తారంగా ఉంది. అందుకే ఆ ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు, వాటికి రాయినిచ్చే గనులు వెలిశాయి. అక్కడ పనిచేసేవారి కాళ్లకు రక్షణ బూట్లు ఉంటాయి. ఆ బూటు ముక్కును వేలితో నొక్కి చూస్తే లొత్తపడదు. తోలు కింద ఉక్కు గిన్నెలాంటి తొడుగు ఉంటుంది.

ఈ తొడుగును పరీక్షించే పద్ధతి మీ భౌతికశాస్త్ర పాఠానికి సంబంధించినదే. 200 జౌళ్ల శక్తిగల దెబ్బను అది తట్టుకోవాలి. 200 జౌళ్లంటే ఎంత? ఒక వస్తువు పడేటప్పుడు ఇచ్చే శక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. 20 కిలోల రాయి ఒక మీటరు ఎత్తునుంచి పడితే 20 × 9.8 × 1 = 196 జౌళ్లు. అంటే దాదాపు అంతే. అంత దెబ్బ తగిలినా లోపలి వేళ్లు నలగకూడదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. రాతిని ఆపే ఉక్కు, లోపలి వేలికి కూడా చోటివ్వదు. తోలు బూటైతే వేలు ఒత్తినచోట కొంత సాగుతుంది. ఉక్కు సాగదు. అరసైజు తగ్గినా రోజుకు ఎనిమిది గంటలు వేలు ఉక్కును రాసుకొంటూ ఉండవలసిందే. అప్పుడేమవుతుంది? మనిషి బూటు విప్పి పక్కన పెడతాడు, లేదా మడమ తొక్కి చెప్పులాగా వాడతాడు. సరిపోని రక్షణ బూటు చివరకు కాలికి ఉండదు. కాలికి లేని బూటు ఎంత గట్టిదైనా ఏం లాభం?

తాపీ పని చేసేవారికి మరో ప్రమాదం ఉంది. తడి సిమెంటు బలమైన క్షారం. దాని పి.హెచ్. విలువ 12 దాటుతుంది. బూటు పైఅంచునుంచి తడి సిమెంటు లోపలికి జారి గంటల తరబడి చర్మానికి అంటుకొని ఉంటే చర్మం కాలి పుండ్లు పడుతుంది. పిక్కను పట్టి ఉండే పొడవాటి రబ్బరు బూటు వారికి అవసరం. కాలు కొలవకుండా ఇచ్చిన బూటు వదులైతే పైఅంచు దగ్గర ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోంచే సిమెంటు దిగుతుంది.

నంబరు ఏం చెబుతుంది?

"నా బూటు ఆరో నంబరు" అంటారు మీరు. ఆరు ఏమిటి? ఆరు అంగుళాలా, ఆరు జానలా? ఏదీ కాదు. మన దుకాణాలలో ఎక్కువగా కనబడేది ఇంగ్లీషువారి లెక్క. పూర్వం వారు మూడు బార్లీ గింజలను వరసగా పేర్చి ఒక అంగుళం అన్నారు. బూటు నంబరు ఒకటి పెరిగితే పొడవు ఒక బార్లీ గింజ, అనగా అంగుళంలో మూడోవంతు, సుమారు 8.5 మి.మీ. పెరుగుతుంది. పిల్లల నంబర్లు 13 వరకు వెళ్లి, ఆ తరువాత మళ్లీ 1 నుంచి మొదలవుతాయి! ఐరోపా ఖండంలో నంబరుకు నంబరుకు మధ్య తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 6.7 మి.మీ. పైగా ఈ రెండు లెక్కలూ కొలిచేది మీ పాదాన్ని కాదు, బూటును తయారుచేసే అచ్చు పొడవును.

మూడో లెక్క ఒకటి ఉంది. దాని పేరు మాండోపాయింట్. ఇందులో తికమక లేదు. పాదం పొడవు ఎంతో బూటు నంబరు అంతే. పాదం 24.5 సె.మీ. అయితే నంబరు 24.5. స్కీ బూట్లకు వాడేది ఇదే.

పొడవు ఒక్కటే తెలిస్తే చాలదు. వెడల్పు కూడా కావాలి. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2021 డిసెంబరు, 2022 మార్చి మధ్య దేశంలో లక్షమందికి పైగా ప్రజల పాదాలను త్రిమితీయ యంత్రాలతో కొలిచారు. ఐదేళ్ల పిల్లలనుంచి 55 ఏళ్ల పెద్దలవరకు ఈ కొలతలు తీశారు. భారతీయుల పాదాలు సాధారణంగా ఐరోపా, అమెరికా వాసుల పాదాలకంటె వెడల్పుగా ఉన్నాయని తేలింది. ఆ కొలతల ఆధారంగా "భా" అనే పేరుతో 8 సైజుల కొత్త పద్ధతిని ప్రతిపాదించారు. పొడవు సరిపోయిన బూటు పక్కల ఎందుకు బిగుస్తుందో ఇప్పుడు అర్థమైంది కదూ! వెడల్పు చాలక, దానికోసం పొడవు ఎక్కువైన బూటు కొంటాం. పక్కలు సరిపోతాయి, మడమ వదులవుతుంది. మళ్లీ బొబ్బ!

మంచుకొండ మీద

ఇంతవరకు మన నేల మీద నడిచాం. ఇప్పుడు చలి ప్రాంతానికి వెళ్దాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి అది ఎనిమిది రోజుల ముందు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణది నిజామాబాదు జిల్లా, ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో అంత చిన్న వయసువారు అంతకు ముందు లేరు. వారు మొదట రాతి ఎక్కడం నేర్చుకొన్నది భువనగిరి గుట్ట మీద. మేళ్లచెరువు, భువనగిరి అప్పట్లో ఒకే నల్లగొండ జిల్లాలోనివి.

గుట్ట ఎక్కే బూటు, ఎవరెస్టు ఎక్కే బూటు ఒకటి కావు. గుట్ట మీద బూటు పాదాన్ని గట్టిగా పట్టి ఉండాలి, అప్పుడే వేలి కొస రాతి పగులులో నిలుస్తుంది. ఎత్తైన మంచుకొండ మీద అలా బిగించితే ప్రమాదం. ఎందుకో చూడండి. కాలివేళ్లకు వేడినిచ్చేది రక్తం. బూటు బిగిస్తే సన్నని రక్తనాళాలు నొక్కుకొంటాయి. వేడి రక్తం వేళ్లకు చేరదు. గడ్డకట్టే చలిలో వేళ్లలోని ద్రవం గడ్డకట్టి కణజాలం చచ్చిపోతుంది. 1950లో అన్నపూర్ణ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఫ్రెంచివారు మారిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ ఇద్దరూ ఈ విధంగా కాలివేళ్లు పోగొట్టుకొన్నారు.

ఈ అనుభవం తరువాత, 1953 ఎవరెస్టు యాత్ర కోసం బ్రిటన్‌లోని పాదరక్షల పరిశోధన సంస్థ ప్రత్యేకమైన బూట్లు చేయించింది. వాటి పొరల మధ్య కూరింది ఏమిటో తెలుసా? కపోక్. అది మన దిండ్లలో కూరే బూరుగుదూదికి దగ్గర చుట్టం! ఆ దూది పోగులలో గాలి చిక్కుకొని ఉంటుంది. కదలని గాలి వేడిని సులభంగా పోనివ్వదు. చలిని ఆపేది దూది కాదు, దూదిలో చిక్కిన గాలి. అందుకే చలి వేస్తున్నదని రెండు మేజోళ్లు తొడిగి బూటులో కాలు ఇరికిస్తే ఫలితం తారుమారవుతుంది. గాలి బయటికి పోతుంది, రక్తం ఆగుతుంది, కాలు మరింత చల్లబడుతుంది.

అన్నిటికంటె మొండి బూటు

ఇక స్కీ బూటు సంగతి. మన దేశంలో కశ్మీరులోని గుల్మార్గ్, ఉత్తరాఖండులోని ఔలీ, హిమాచల్ ప్రదేశ్‌లోని సోలంగ్ లోయ ఈ ఆటకు పేరుపొందినవి. స్కీ అంటే ముందుకు వంపు తిరిగిన పొడవాటి పట్టీ. అది మంచులో కూరుకుపోకుండా ఎందుకు తేలుతుంది? ఒక బూటు అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సె.మీ. అనుకొందాం. రెండు కాళ్లకు 400. స్కీ పొడవు 150, వెడల్పు 8 సె.మీ. అయితే వైశాల్యం 1200, రెండిటికీ 2400. బరువు అదే, వైశాల్యం ఆరు రెట్లు. కాబట్టి మంచు మీద పీడనం ఆరో వంతే.

కాని తేలితే చాలదు, మలుపు తిరగాలి, ఆగాలి. అందుకు స్కీ అంచును మంచులోకి ఒరగదీయాలి. కాలి ముందెముకను, మోకాలిని ఒరగదీస్తే ఆ కదలిక బూటుద్వారా స్కీకి చేరుతుంది. పిడి వదులైన గొడ్డలితో కట్టె కొట్టి చూశారా? ఎంత బలంగా ఎత్తినా దెబ్బ తిన్నగా పడదు. వదులు స్కీ బూటు అలాంటి గొడ్డలే. లెక్క కావాలంటే చూడండి: 10 సె.మీ. వెడల్పైన పాదానికి ఒక పక్క అర సె.మీ. ఖాళీ ఉంటే, కాలు సుమారు 3 డిగ్రీలు ఒరిగేవరకు స్కీకి కబురే అందదు. వాలులో వేగంగా పోతున్నవారికి ఆ 3 డిగ్రీలు ఆలస్యం కింద లెక్క.

అందువల్లనే ఈ బూటు గట్టిపడుతూ వచ్చింది. మొదట తోలు బూట్లకు తాళ్లు కట్టేవారు. 1960లలో అమెరికాలో బాబ్ లాంగే తెచ్చిన ప్లాస్టిక్ బూట్లు ఆటను మార్చివేశాయి. నేటి స్కీ బూటులో రెండు బూట్లు ఉంటాయి. బయట గట్టి ప్లాస్టిక్ పెంకు, దానికి నాలుగు బకిళ్లు. లోపల బయటికి తీయడానికి వీలైన మెత్తని బూటు.

ఎప్పుడైనా మీరు అటు విహారయాత్రకు వెళ్లినా, అద్దె బూట్ల గుట్టముందు నిలబడవలసివచ్చినా, ఈ వరుస గుర్తుంచుకోండి.

1. పాదాన్ని సెంటీమీటర్లలో కొలిచి, ఆ నంబరు అడగండి. 25, 25.5 నంబర్లకు సాధారణంగా పెంకు ఒకటే ఉంటుంది.

2. లోపలి మెత్త బూటును బయటికి తీయండి. వట్టి పెంకులో కాలు పెట్టి, వేళ్ల కొసలు ముందు గోడకు తగిలేవరకు జరపండి. ఇప్పుడు మడమ వెనక ఉన్న ఖాళీ చూడండి. సుమారు 1.5 సె.మీ. ఉంటే సరి. 2 సె.మీ. దాటితే బూటు పెద్దది. గట్టి బూటుకు అసలైన పరీక్ష ఇదే. మెత్త బూటు లోపల ఉండగా అన్ని బూట్లూ సరిపోయినట్టే అనిపిస్తాయి.

3. వెడల్పు అడగండి. పెద్దల బూట్లకు ముందు పాదం దగ్గర వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతారు. 98 ఇరుకు, 100 మధ్యరకం, 102 ఆపైన వెడల్పు. మనవారి పాదాలకు వెడల్పు రకం ముందుగా ప్రయత్నించడం మంచిది.

4. ఒకే ఒక పలుచని మేజోడు, పిక్క పైదాకా లాగి తొడగండి. ముడతలు ఉండకూడదు. పంట్లాం అంచును బూటులోకి దోపవద్దు. ఒక్క ముడత చాలు, గట్టి పెంకు కింద అది రాయిలా గుచ్చుతుంది.

5. కాలు పెట్టాక మడమతో నేలను రెండుసార్లు తట్టండి. మడమ వెనక్కి పోయి తన గూటిలో కూర్చొంటుంది. ముందుగా చీలమండ దగ్గరి బకిల్ బిగించండి. తరువాత పైవి. వేళ్లమీది బకిళ్లు ఊడకుండా ఉంటే చాలు.

6. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు గోడకు తగలాలి. మోకాళ్లు వంచి ముందుకు ఒరిగితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ లేవకూడదు. నిలబడి చూసి "చిన్నది" అని తీసేసేవారు చాలామంది. వంగి చూస్తే అదే బూటు సరిపోతుంది.

7. పదిహేను నిమిషాలు తొడిగే ఉండండి. పాదమంతా ఒకే మాదిరిగా పట్టినట్లు ఉంటే మంచిది. ఒకచోట పొడిచినట్లు ఉన్నా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ బూటు వద్దు.

బూటు మీద 60, 80, 100 అని మరో అంకె కనిపిస్తుంది. అది ముందుకు వంగడంలో బిరుసుదనాన్ని చెప్పేది. అంకె పెరిగితే బిరుసు పెరుగుతుంది. నేర్చుకొనేవారికి, బరువు తక్కువ ఉన్న పిల్లలకు తక్కువ అంకె మంచిది. అయితే ఒక కంపెనీ 80, మరొక కంపెనీ 80 ఒకటే అయివుండాలని లేదు.

బలం ఎక్కడికి పోయింది?

గట్టి బూటు వచ్చాక స్కీ ఆడేవారిలో చీలమండ విరగడం బాగా తగ్గింది. మరి పడినప్పుడు మెలితిప్పే బలం ఏమైంది? మాయం కాలేదు. చీలమండను కట్టివేస్తే ఆ బలం పైకి, మోకాలికి పాకింది. నేడు ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేవి మోకాలి బంధనాలే. ఒక కీలును కాపాడినప్పుడు పక్క కీలు సంగతి కూడా ఆలోచించాలన్నమాట. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు ఇందుకే ఉంది. బలం హద్దు దాటితే అది బూటును వదిలేస్తుంది. ఆ హద్దును మనిషి బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు అడుగు పొడవులనుబట్టి నిర్ణయిస్తారు. దానిని తెలిసినవారిచేతనే పెట్టించుకోవాలి. స్నేహితుడి స్కీ బాగుందని మార్చుకొని తొడగడం ప్రమాదం.

నొప్పి ఒక కబురు

గనిబూటు, కొండబూటు, స్కీ బూటు మూడింటి నియమం ఒకటే: మడమ కదలకూడదు, వేళ్లు కదలాలి, ఎక్కడా గుచ్చకూడదు. గుచ్చితే పాదం నొప్పితో మనకు కబురు పంపుతుంది. నొప్పికంటె భయపడవలసింది నొప్పి తెలియకపోవడానికి. మంచులో వేళ్లు తిమ్మిరెక్కి నొప్పి ఆగిపోతే, బాగయిందని సంతోషించకూడదు. వెంటనే వెచ్చని చోటికి చేరి బూటు విప్పాలి. మంచుతో రుద్దకూడదు, మంటకు కాచకూడదు. స్పర్శ లేని చర్మానికి కాలుతున్నదీ తెలియదు. వైద్యునికి చూపాలి.

ఇది హిమాలయాలకే చెందిన సంగతి కాదు. మీ ఇంట్లో మధుమేహం ఉన్న తాతయ్యో నాయనమ్మో ఉన్నారా? చాలా ఏళ్ల మధుమేహం పాదాల నరాలను దెబ్బతీయవచ్చు. అప్పుడు చెప్పు కరిచినా, లోపల గులకరాయి ఉన్నా వారికి తెలియదు. చిన్న బొబ్బ పుండై, మానక, కాలు తీసేయవలసిన స్థితికి రావచ్చు. వారి చెప్పులలో రోజూ చెయ్యిపెట్టి తడిమి చూడండి. వారి అరికాళ్లను సాయంత్రం ఒకసారి పరిశీలించండి. వారి పాదాలు పంపలేని కబురును మీ కళ్లు అందుకోవాలి.

చేసి చూడండి

కావలసినవి: తెల్లకాగితాలు, పెన్సిలు, స్కేలు.

సాయంత్రం పూట కాగితాన్ని గోడకు ఆనించి నేలపై పరచండి. మడమ గోడకు తగిలేట్టు, రెండు కాళ్లపై సమంగా బరువుంచి నిలబడండి. మరొకరిచేత పెన్సిలు నిటారుగా పట్టించి పాదం చుట్టూ గీయించండి. గోడనుంచి అన్నిటికంటె పొడవైన వేలి కొసవరకు కొలవండి. అది బొటనవేలే కానక్కరలేదు. ముందు పాదంలో అన్నిటికంటె వెడల్పైన చోట అడ్డంగా కొలవండి. రెండో పాదానికీ ఇలాగే చేయండి. రెండూ సమానంగా లేకపోతే ఆశ్చర్యపోకండి. పెద్ద పాదానికి తగినట్టు బూటు కొనాలి.

ఇప్పుడు ఆ బొమ్మను అంచువెంట కత్తిరించి మీ బడిబూటు అడుగుభాగం మీద పెట్టి చూడండి. కాగితం పక్కలకు పొడుచుకువస్తే బూటు ఇరుకు. తరువాత బూటు తొడిగి నిలబడండి. పొడవైన వేలి ముందు సుమారు 1 సె.మీ. ఖాళీ ఉండాలి. బొటనవేలి వెడల్పుకంటె చాలా ఎక్కువ ఉంటే బూటు పెద్దది. మీది పెరిగే వయసు కాబట్టి మూడు నాలుగు నెలలకొకసారి ఇలా కొలిచి, తేదీతో సహా నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మీ పాదం ఏ వయసులో ఎంత పెరిగిందో మీ దగ్గరే లెక్క ఉంటుంది.

ఆలోచించి చెప్పండి

1. 30 కిలోల రాయి ఎంత ఎత్తునుంచి పడితే 200 జౌళ్ల శక్తి ఇస్తుంది?

2. ఐరోపా లెక్కలో 36వ నంబరు బూటు అచ్చు పొడవు ఎన్ని సెంటీమీటర్లు?

3. కొండ దిగేటప్పుడు, ఎక్కేటప్పటికంటె బొటనవేలు ఎక్కువ నొప్పిపెడుతుంది. ఎందుకు?

4. మీ తరగతిలో పదిమంది పాదాల పొడవు, వెడల్పు కొలవండి. ఒకే నంబరు బూటు వాడేవారందరి పాదాలూ ఒకే వెడల్పు ఉన్నాయా?

వచ్చే జూన్‌లో బడిబూట్లు కొనేటప్పుడు దుకాణదారు "ఏ నంబరు?" అని అడుగుతాడు. మీరు కత్తిరించిన కాగితం చేతికివ్వండి.